మావయ్య పాడుచేసిన పిండి

మా మేనమామ బ్రెడ్డు చేసే మనిషి. ముప్పై ఏళ్లుగా ఒకే బేకరీ, ఒకే పిండి బల్ల. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, పిండి దగ్గర మాత్రం ఆయనంత ఓర్పున్నవాణ్ణి నేను చూడలేదు. ముద్దను వేలితో నొక్కి, ఆ గుంట మెల్లగా పూడుకుంటే "ఊఁ, బట్టీలో పెట్టండి" అనేవాడు. ఏనాడూ ఒక్క వాయి పాడవలేదు.

ప్రతి వేసవిలోనూ పిండి పొంగడానికి ఎంతసేపు పట్టిందో బల్ల వెనక గోడ మీద పెన్సిల్‌తో రాసేవాడు. మొదట్లో గంటన్నర. ఈ ఏడు యాభై నిమిషాలు. భూమి వేడెక్కుతోందని పేపర్లవాళ్లు ఇప్పుడు గుండెలు బాదుకుంటున్నారు గానీ, ఆ సంగతి మావయ్య గోడకు ఎప్పుడో తెలుసు.

అదే బేకరీలో నేను బ్రెడ్డు ప్యాక్ చేస్తాను. మా ఆయన బట్టీ ముందు నిలబడతాడు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల బట్టీ సెగ. ఈ వేసవిలో ఒక్క వారంలోనే రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాడు. "ఇల్లు గడవద్దా?" అంటూ మళ్లీ అక్కడే నిలబడ్డాడు. నేను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ప్యాకెట్లు కట్టేదాన్ని.

మావయ్య ఓనరు దగ్గరికి వెళ్లాడు. "ఎండలు తగ్గేదాకా మధ్యాహ్నం వాయి ఆపుదామండి. తెల్లారేసరికే అంతా చేసేస్తాం."

"సాయంత్రం వేడి బ్రెడ్డు లేకపోతే ఎవరొస్తారయ్యా? మీ అల్లుడికి చేతకాకపోతే బట్టీ దగ్గర ఇంకొకణ్ణి పెడతా."

మర్నాడు మధ్యాహ్నం మావయ్య ఎప్పటిలాగే పిండి కలిపాడు, అచ్చుల్లో సర్దాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని పేపరు తీశాడు. యాభై నిమిషాలు దాటాయి. గంట దాటింది. పిండి అచ్చుల అంచులు దాటి పొంగి, పులిసి, చప్పున కూలబడింది.

"మావయ్యా, పిండి" అన్నాను.

"నీ పని చూసుకో అమ్మాయ్" అన్నాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

రెండు వందల అచ్చుల పిండి చెత్తపాలైంది. ఓనరు బిత్తరపోయాడు. మావయ్య తల వంచుకున్నాడు. "చెయ్యి తప్పిందండీ. ఈ ఎండకి మధ్యాహ్నం పిండి నా మాట వినట్లేదు. రేపూ ఇంతేనేమో."

ఈయనకే లొంగని పిండి ఇంకెవరికి లొంగుతుందని ఓనరు మధ్యాహ్నం వాయి మానేశాడు.

"పెద్దాయనకి వయసైపోయింది" అని వీధివీధంతా అంది. ఉన్న సంగతి మా ఆయనకి చెప్పేస్తానన్నాను. "అల్లుడికి చెప్పకు, అసలే రోషగాడు" అని మావయ్య నా నోరు కట్టేశాడు.

ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. మా ఆయన దగ్గరుండి వడ్డిస్తూ, "ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోయింది కదా మావయ్యా" అని నొచ్చుకున్నాడు.

"పోతే పోయిందిలే" అన్నాడు మావయ్య. "నీ మొహం కాస్త తేరుకుంది అల్లుడూ. కూర్చో, నువ్వూ తిను."