నూకాలు వలపాట

ఫిషింగ్ హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేస్తూ ముప్పై అయిదేళ్లు గడిపాడు కామరాజు. అతనికి పాటలంటే పిచ్చి. కుర్రతనంలో ఓ ఓడ కళాసీ దగ్గర టేప్ రికార్డర్ కొన్నాడు. పక్కపక్కనే ఉన్న రెండు పల్లెలవాళ్లు కలిసి ఒడ్డు మీంచి పెద్దవల లాగుతూ పాడే పాటల్ని తొమ్మిది క్యాసెట్లలో పట్టాడు. ఉత్తరపు పల్లె జాలరి నూకాలు పాట ఎత్తుకుంటే, దక్షిణపు పల్లెవాళ్లు తాడు లాగుతూ అందుకునేవారు. మరబోట్లు వచ్చాక ఆ వలా పోయింది, పాటా పోయింది. వన్ టౌన్‌లో కామరాజు ఇంట్లో క్యాసెట్లు మాత్రం మిగిలాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అనుకుంటూనే ఏళ్లు గడిపేశాడు.

నిరుడు, చేపల గుంపుని ఒక్కసారే చుట్టేసి ఊడ్చేసే రింగు వలల మీద ఆ రెండు పల్లెలకీ గొడవ ముదిరింది. రెండు వైపులా బోట్లు తగలబడ్డాయి. ఉత్తరపు పల్లె కుర్రాడొకడు కాలిన గాయాలతో చనిపోయాడు. ఆ వారంలోనే నూకాలు కొడుకు తాతబాబు నలుగురిని వెంటబెట్టుకుని కామరాజు గుమ్మంలోకి వచ్చాడు.

"మావా, మా అయ్య గొంతు ఆళ్ల గొంతుల్తో కలిసి ఉండకూడదు. టేపులిచ్చీ."

"ఇడదీసి ఎలాగిత్తాన్రా? అన్నీ ఒకే టేపు మీదున్నాయి. ఒక్కసారి ఇను, ఆనక నీ ఇష్టం."

కామరాజు క్యాసెట్ పెట్టాడు. తన తొమ్మిదో ఏట పోయిన తండ్రి గొంతు వినగానే తాతబాబు గడప మీద చతికిలబడ్డాడు. అంతలో టేపులో అవతలి పల్లెవాళ్లు పాట అందుకున్నారు. తాతబాబు లేచి, తొమ్మిది క్యాసెట్లూ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు వారాలకి ఒక్కడే తిరిగొచ్చాడు. సంచినిండా టేపు ముక్కలు.

"మా అయ్య పాడిన సోట్లు ఉంచి, మిగతాది కత్తిరించీసాను. ఇయ్యి అతికించు మావా."

"మిగతాదేటి సేసావు?"

"పొయ్యిలో ఏసాను."

కామరాజు సంచి అందుకున్నాడు. రెండు రోజులు కూర్చుని అతికించాడు. చాలా ముక్కలు నలిగిపోయి పనికిరాలేదు. చివరికి నిలిచింది నాలుగు నిమిషాలు. నూకాలు పాట ఎత్తుకుంటాడు, వెంటనే మళ్లీ ఎత్తుకుంటాడు. మధ్యలో ఎవరూ పలకరు.

"ఇదేటి మావా, మా అయ్య ఒక్కడే లాగతన్నట్టుంది," అన్నాడు తాతబాబు. క్యాసెట్ తీసుకుని తలొంచుకుని వెళ్లాడు.

వంత పాడినవాళ్లలో దక్షిణపు పల్లెలో పోలయ్య ఒక్కడే బతికున్నాడు. కామరాజు ఆ గొంతు రికార్డు చేద్దామని ఫోను పట్టుకుని అక్కడికి వెళ్లాడు, ఒక్క చరణమైనా పాడమని అడిగాడు.

"నూకాలు పాటకి నాను వంత పాడాలా? మా బోట్లు తగలెట్టినోళ్లెవులు?" అని ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ చలికాలంలోనే పోలయ్య పోయాడు. కామరాజుకు ఆ వంత వరసలు కొన్ని గుర్తున్నాయి గానీ, పాటలో మాటలు రావు.