గేటు వైపు నడిచి వస్తున్న మనిషి

గురువారం పొద్దున అంగడి తలుపులు తీసి కందిపప్పు మూట విప్పుతుంటే హుసేన్ ఫోన్ చేశాడు. "టీచరమ్మ పోయిందప్పా," అన్నాడు. నందికొట్కూరు నుంచి నేను మా ఊరు కోడుమూరు చేరేసరికి చర్చి పక్కన ఆమె ఇంటి ముందు షామియానా వేసేశారు. లోపల ఆమెను పడుకోబెట్టిన మంచం పక్కనే టీవీ ఉంది. దాని మీద ఎవరో తెల్లగుడ్డ కప్పారు. ఆమె ముఖం చూసినప్పుడు బిగబట్టుకున్న ఏడుపు ఆ గుడ్డను చూసేసరికి తన్నుకొచ్చింది.

మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆమె. పెళ్లి చేసుకోలేదు. ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పిన ఏడాది నేనూ హుసేనూ ఆమె దగ్గర ట్యూషన్‌కు చేరాం. పుస్తకం తెరిస్తే మాకు నిద్ర ముంచుకొచ్చేది. కర్నూలులో వాళ్ల మామ నడిపే నెట్ సెంటర్ నుంచి హుసేన్ ఒకసారి ఒక సీడీ పట్టుకొచ్చాడు. జపానువాళ్ల బొమ్మల సీరియల్. మాటలన్నీ జపాను భాషవి, కింద ఇంగ్లీషు అక్షరాలు. "ఇది చూస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తాది టీచరమ్మా," అని వాడు నమ్మబలికాడు. ఆమె నమ్మలేదు గానీ సీడీ పెట్టమంది.

చుట్టూ ఎత్తైన గోడ కట్టిన ఊరి కథ అది. గోడకు అవతల గాలంతా విషమని సర్కారు చెబుతుంది. లోపల మనిషికింత అని నీళ్లు కొలిచి పోస్తారు. ఒక అక్క, ఒక తమ్ముడు. బయట ఎక్కడో బావి ఉందన్న మాట నమ్మి అక్క దొంగతనంగా గేటు దాటిపోతుంది. తమ్ముడు రోజూ గేటు దగ్గర కూర్చుని ఎదురుచూస్తాడు. ఆ ఏడు మా ఊళ్లో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కనబడితే చాలు జనం బిందెలతో కొట్లాడుకుంటున్నారు. ఆ కథ జపానుదని మాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు.

టీచరమ్మ రిమోట్ చేతిలో పట్టుకుని, ఒక్కో మాట దగ్గర బొమ్మను ఆపి, కింది అక్షరాలను మాకు తెలుగులో చదివేది. సర్కారు మాట్లాడితే రేడియో వార్తల తెలుగు. "పౌరులు సంయమనం పాటించవలసిందిగా విజ్ఞప్తి," అని గొంతు బిగించి చదివి, ఆ వెంటనే తమ్ముడి గొంతుతో, "యాడికి పోతాండావు అక్కా, నేనూ వస్తా," అనేది. మొదట్లో పడీపడీ నవ్వేవాళ్లం. కొన్నాళ్లకు ఆ తమ్ముడి మాటలు వస్తే నవ్వలేకపోయాం. ఎక్కడైనా నేను ముందే ఊహించి అందించబోతే ఊరుకునేది కాదు. "రాసిండేది చదవాల. మన కడుపులో ఉండేది కలపగూడదు," అనేది.

హుసేన్ తెచ్చిన సీడీలు ఒకచోట ఆగిపోయాయి. అక్క పోయింది, తమ్ముడు కూర్చున్నాడు, అంతే. ఆఖరి సీడీ దొరకలేదు. ఇక ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంట్లో మా వాదన మొదలు. అక్క తిరిగొస్తుందని టీచరమ్మా నేనూ. రాదని హుసేన్. అక్కడ వాదించడానికి ఒక పద్ధతి ఉండేది. ఎదుటి మనిషి మాటను ముందు నీ నోటితో సరిగ్గా చెప్పాలి. ఆ మనిషి అవునన్న తర్వాతే నీ మాట ఎత్తాలి.

"బతికుంటే ఇన్నాళ్లు రాకుండా యాడుంటాది టీచరమ్మా?" అని హుసేన్ మొదలుపెట్టేవాడు.

"ముందర నా మాట చెప్పు."

వాడు తల గోక్కుంటూ, "తమ్ముడు గేటు కాడ కూర్చోనున్నంతవరకూ అక్క సచ్చిపోయినట్టు కాదు. ఇంతేనా మీరనేది?" అనేవాడు.

"అంతే. ఇప్పుడు కొట్లాడు నాయనా," అని ఆమె టీ గ్లాసు వాడి ముందుకు జరిపేది. నిజం చెప్పాలంటే ఆమె వాదన నాకంటే వాడికే బాగా వచ్చు.

ఒకసారి ఆఖరి సీడీ దొరికిందని వాడు ఎగురుకుంటూ వచ్చాడు. పెట్టి చూస్తే ఎవరిదో నంద్యాల పెళ్లి. నెట్ సెంటర్‌లో ఒకదాని బదులు ఇంకొకటి సీడీలోకి ఎక్కించి ఇచ్చారు. నేను తిట్టుకుంటూ తీసేయబోతే ఆమె ఆపింది. "ఉండప్పా, పెండ్లికూతురు మొగమన్నా చూసి పంపిద్దాం," అని తాళి కట్టేదాకా కూర్చుంది.

ఒక ఎండాకాలం వాదన ముదిరి హుసేన్, "పోయినోళ్లు పోయినట్టే టీచరమ్మా, కతల్లోనే వచ్చేది," అనేశాడు. ఆమె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "నా తమ్ముడు మంగంపేటకు పోయినాడు," అంది. అమ్మానాన్న పోతే తానే పెంచిన తమ్ముడు. చేను ఎండిన ఏడు అక్కడి ముగ్గురాళ్ల గనుల్లో పని ఉందని పోయి, రెండు క్రిస్మస్‌లకు వచ్చి, మూడోదానికి రాలేదు. ఆమె అక్కడికి పోయి గని గనికీ తిరిగి అడిగింది. ఉన్నాడన్నవాళ్లు లేరు, చనిపోయాడన్నవాళ్లూ లేరు. "వాడు గేటు దాటినాడు, నేను ఈడ కూర్చోనుండా," అంది మామూలుగా. ఆ రోజు నుంచి ఆ ఆఖరి సీడీ మాకు సరదా వస్తువు కాకుండా పోయింది. పెండ్లి చేసుకుని, నందికొట్కూరులో అంగడి పెట్టుకున్నాక కూడా నేను హుసేన్‌కు ఫోన్ చేస్తే మొదట అడిగే మాట, ఆ సీడీ దొరికిందా అనే.

షుగర్ ముందు ఆమె కళ్లు తీసింది, తర్వాత కిడ్నీల మీద పడింది. కర్నూలు ఆస్పత్రికి తిప్పాం. ఇక తిప్పి లాభం లేదు, ఇంట్లోనే చూసుకోండి అన్నారు. మేము పోయినప్పుడల్లా మా అడుగుల వైపు తల తిప్పి, "దొరికిందా?" అని అడిగేది. అడిగేది సీడీ గురించేనని మాకు తెలుసు. అయినా వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా ఆమె ముఖం అట్లాగే తిరిగేది. అది చూడలేక నేను పెరట్లోకి పోయేవాణ్ణి. హుసేన్ హైదరాబాదులో, బెంగళూరులో తెలిసినవాళ్లందరినీ బతిమాలాడు. దేవుడా, ఈమె ఉండగానే ఆ ఒక్కటి దొరికితే చాలునని నేను మొక్కాను. బొమ్మల సీరియల్ కోసం మొక్కుతానని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన నెల దొరికింది. ఒక మధ్యాహ్నం ఆమె మంచం టీవీ దగ్గరికి జరిపాం. ఈసారి రిమోట్ నా చేతిలో. ఒక్కో మాట ఆపి నేను చదివాను, సర్కారుకు వార్తల తెలుగు, మిగిలినవాళ్లకు మన తెలుగు. నేను తొందరపడిన చోటల్లా, "నిదానంగా చదువు," అంది. కథలో తమ్ముడు ముసలివాడయ్యాడు. సర్కారు పోయింది. గేటు తుప్పుపట్టి దానంతట అదే పడిపోయింది. దూరంగా దుమ్ములో ఎవరో చంకన కడవతో నడిచి వస్తున్నారు. ముఖం కనిపించకముందే అయిపోయింది.

"వచ్చేది ఎవరు?" అంది.

నేను నోరు తెరవకముందే హుసేన్ అన్నాడు, "అక్కే టీచరమ్మా. మీరే గెలిచినారు."

"నువ్వు మావైపుకు వచ్చినావంటే, వచ్చేది అక్క కాదన్నమాట," అంది. హుసేన్ ముఖం పాలిపోయింది. "రాసిండేది చదువప్పా," అంది నావైపు తిరిగి.

"ఏమీ రాయల్యా టీచరమ్మా. మొగం కనపడదు."

"ఆ మనిషి నిలబడిందా, నడుస్తాండాదా?"

"నడుస్తాండాది."

"వెనక్కి తిప్పి, ఆడ ఆపు."

ఆపాను. దుమ్ము, కడవ, ఒక అడుగు ముందుకు వేసిన మనిషి. చూపు లేని కళ్లతో ఆమె టీవీ వైపే ముఖం పెట్టి పడుకుంది. మేము చెరోపక్క కూర్చున్నాం. కొంతసేపటికి కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. పైన ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది.

"ఆ మనిషి ఉండాదా?" అంది.

"ఉండాది టీచరమ్మా," అన్నాం ఇద్దరం.

ఆమె నుదుటి మీద చెమట పడుతోంది. హుసేన్ విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. ఆ గాలి తగులుతుండగా ఆమె తల కొంచెం ఊపింది, ముఖం మాత్రం నల్లటి టీవీ వైపు నుంచి తిప్పలేదు.