బస్బూసాకు ఇద్దరు సాక్షులు

షేక్ నుమాన్ గారు ఇద్దరు సాక్షులు లేకుండా దేన్నీ నమ్మరు. వాన పడుతోందన్నా నమ్మరు. ఓసారి కర్మూజ్ వీధిలో మేమిద్దరం నిలువునా తడుస్తున్నాం. "వాన మౌలానా, లోపలికి పదండి" అన్నాను. ఆయన కదలకుండా, గొడుగు వేసుకుని పోతున్న ఒకాయన్ని ఆపి, "ఏం నాయనా, వాన పడుతోందంటావా?" అని అడిగారు. అతను అవునన్నాకే మేం చూరు కిందికి వెళ్ళాం.

తప్పు ఆయనది కాదు. అలెగ్జాండ్రియాలో నలభై ఒక్క ఏళ్ళు ఖాజీగా పెళ్ళిళ్ళు చేసిన మనిషి. సాక్షులిద్దరూ వచ్చి కూర్చునేదాకా కలం మూత తీసేవారు కాదు. రిటైరయ్యాక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి గానీ సాక్షులు ఆగలేదు. టమాటాలు మెత్తబడలేదని ఇద్దరు చెప్పాలి. ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజల్లో ఉప్పు తగ్గిందని ఇద్దరు చెప్పాలి. ఎదురింట్లో ఉన్న పాపానికి ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ నేనే. రెండో మనిషి మూడో అంతస్తు ఇన్షిరాహ్ పిన్ని, భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి, ఇప్పుడు ఊరికే ఉండలేక అందరినీ దెప్పుతూ కాలక్షేపం చేస్తుంటుంది.

ఆయనకు ఇంట్లో తోడు బస్బూసా అనే పిల్లి. పాకంలో నానిన రవ్వమిఠాయి రంగు, పేరూ దానిదే. ఆ పిల్లి ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం, తింటూనే చిక్కిపోవడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు తహానీ గారు చూసి, "షుగరు. పేరు పెట్టే ముందు నన్నొకమాట అడగాల్సింది మౌలానా" అన్నారు.

మందు ఒక యూనిట్ ఇన్సులిన్ ఇంజెక్షన్, పన్నెండు గంటలకోసారి, తిండి పెట్టాక. చెవి అంచున చిన్న సూదితో గుచ్చి, ఒక చుక్క నెత్తురు మిషన్‌కు పెట్టి, వచ్చిన అంకె రాసుకోవాలి. మిషన్ తహానీ గారే పరీక్షించి, బాగానే ఉందని ఇచ్చారు. "ఇచ్చామో లేదో అనుమానమొస్తే మాత్రం రెండోసారి ఇవ్వకండి. ఎక్కువైతే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది" అని ఆవిడ హెచ్చరించారు.

అనుమానం! ఆ మాట ఆయన దగ్గరా అనేది? మర్నాటికల్లా ఇంట్లో ఉన్న నోటుపుస్తకం ఒకటి నిఖా రిజిస్టరులా గీతలతో తయారైంది. తేదీ, వేళ, షుగరు, మందు, సాక్షి ఒకటి, సాక్షి రెండు. పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఎనిమిదికీ మెట్ల మీద కేక వినిపించేది: "సాక్షులు రావాలీ!"

"పిల్లికి సూది వెయ్యడానికి ఇంత జనమా? నా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు" అనేది పిన్ని.

అంటూనే సూది తను అందుకునేది. కుట్టుపని చేసిన చెయ్యి కదా, చెవి గుచ్చితే పిల్లికి తెలిసేది కాదు. ఇంజెక్షన్‌కు ముందు మౌలానా ముందుకు వంగి, పెళ్ళికూతురిని అడిగినట్టు అడిగేవారు: "అమ్మా బస్బూసా, ఒక యూనిట్‌కు నీకు సమ్మతమేనా?" మూడుసార్లు అడిగేవారు. పిల్లి మాట్లాడేది కాదు. "మౌనం సమ్మతమే. రాసుకో అమ్మాయీ."

ఒకరోజు అది బుస్సుమంది. ఆయన నా చేతిలో కలం తీసి పక్కన పెట్టేశారు. "ఒప్పుకోలేదు. బలవంతపు నిఖా చెల్లదు."

"అది పెళ్ళికూతురు కాదయ్యా, పిల్లి!" అని పిన్ని సూది వేసేసింది. ఆ పూట ఆవిడ సాక్షి సంతకం చెల్లుతుందా లేదా అని గంటసేపు వాదన.

మూడు వారాలు గడిచినా అంకెలు దారికి రాలేదు. ఒకరోజు రెండు వందలుంటే మర్నాడు నాలుగు వందలు. పిల్లి వెనక్కాళ్ళు బలహీనపడి మంచం ఎక్కలేకపోయింది. ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం. "అర యూనిట్ పెంచనా తల్లీ?" అని ఫోన్‌లో బతిమాలారు. తహానీ గారు ఒప్పుకోలేదు. "ఏదో ఒక్క అంకె చూసి పెంచకూడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు గంటలకోసారి చూసి రాయండి, అప్పుడు చెప్తాను."

ఆ శుక్రవారం పొద్దున మౌలానా కొత్త మెలిక పెట్టారు. "మిషన్ ఒక్కటే సాక్ష్యం చెబితే ఎలా? దానికీ పోలిక కావాలి. ఒక మనిషి వేలు కావాలి."

నేను వేలు చాపాను.

"నీది కుర్రవేలు, పనికిరాదు. ఇన్షిరాహ్ గారూ, మీ వేలు."

"నా వేలా? నాకేం షుగరు లేదు!"

"లేదనే కదా అడుగుతున్నది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే పోలికకు కావాలి."

ఆ పొగడ్తకు పిన్ని పడిపోయింది. కొత్త సూదితో గుచ్చుకుంది. రెండు వందల ఎనభై.

"చూశారా, మిషన్ చెడిపోయింది!" అంది సంబరంగా.

"అందుకే మళ్ళీ పదింటికి చూడాలి" అన్నారాయన.

అలా పగలంతా ఒక చెవి, ఒక వేలు. పన్నెండింటికి పిల్లికి నూట డెబ్బై. పిన్నికీ కాస్త తగ్గింది. రెండింటికి చూస్తే ఇద్దరికీ ఒక్కసారే అంకె పైకి లేచింది. పిల్లికి మూడు వందల ఇరవై, పిన్నికి మూడు వందల అరవై.

మౌలానా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పన్నెండుకూ రెండుకూ మధ్య ఏం జరిగిందో ఇద్దరిలో ఎవరైనా చెబుతారా?"

పిల్లి మూతి నాక్కుంది. పిన్ని మూతి తుడుచుకుంది.

"పాల పాయసం" అంది చివరికి పిన్ని. "మూల మీద పాలకొట్టు నుంచి తెచ్చుకున్నాను. దాల్చినచెక్క చల్లినది. అది నా గడప దగ్గర కూర్చుని అలా చూస్తుంటే ఒక్కదాన్నే ఎలా తినను? మూడు స్పూన్లు నాకు, ఒకటి దానికి."

"రోజూనా?"

"రోజూ ఎక్కడ? కొట్టులో ఉన్న రోజే."

విషయం విని తహానీ గారు ఫోన్‌లో, "మందు పెంచి ఉంటే, పాయసం దొరకని రోజు ఈ పిల్లి పడిపోయేది" అన్నారు. అది విని పిన్ని కూర్చుండిపోయింది. పిల్లిని ఒళ్ళోకి లాక్కుని, "నా వల్లే పోయేదానివా" అంది.

ఆ రోజుతో పాయసం బంద్. తను తింటే అది చూస్తుందని తనూ మానేసింది. మౌలానాకు మిషన్ మీద అనుమానం మాత్రం తీరలేదు గనుక వేలు రోజూ చూపించాల్సి వచ్చింది. వారం తిరక్కుండా మౌలానా, తహానీ గారు ఇద్దరూ చెప్పాక డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళి మాత్రలు తెచ్చుకుంది. నెలకల్లా బస్బూసా ఆ ఒక్క యూనిట్‌తోనే మంచం ఎక్కింది. పిన్ని మూడో అంతస్తు ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

నోటుపుస్తకం నిండిపోతే, కొత్తదానికి గీతలు గీద్దామని పాతదాని మొదటి పేజీ తిరగేశాను. పిల్లికి జబ్బు రావడానికి రెండు నెలల ముందు తేదీ వేసి ఉంది. "మూడో అంతస్తు ఇన్షిరాహ్ మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగింది. పైకి చేరేలోపు నీళ్ళసీసా ఖాళీ. కాలి మీద గాయం నెలైనా మానలేదు. సాక్షి ఒకటి: నుమాన్. సాక్షి రెండు:" ఆ పక్కన వేరే సిరాతో, ఆ శుక్రవారం తేదీతో, "బస్బూసా".

నాకప్పుడు గుర్తొచ్చింది. మిషన్ బాగానే ఉందని తహానీ గారు మొదటిరోజే చెప్పారు. ఆ మాట ఆయనా విన్నారు, నేనూ విన్నాను. నిండుగా ఇద్దరు సాక్షులు. అయినా ఆయన నమ్మలేదంటే నేనక్కడే పట్టుకోవాల్సింది.

"ఆవిడకు ముందే ఎందుకు చెప్పలేదు మౌలానా?"

"ఒక్కసారి చెప్పాను. నా తిండి మీద నీకు ఏడుపంది. ఒంటరి సాక్షి మాట ఎవరు వింటారు అమ్మాయీ?" అని ఆయన పుస్తకం మూసేశారు.

ఇంతలో ఎనిమిదైంది. పిన్ని మాత్రల డబ్బాతో దిగింది. బస్బూసాను మూడుసార్లు అడగడం అయ్యాక మౌలానా ఆవిడ వైపు తిరిగారు. "ఇన్షిరాహ్ గారూ, ఈ మాత్రకు మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

"రెండోసారి అడుగుతున్నాను. సమ్మతమే..."

"నెమ్మదిగా అడగవయ్యా!" అంది పిన్ని, మెట్ల వైపు చూస్తూ. "తలుపు తీసి ఉంది. పైనుంచి దిగేవాళ్ళు ఇద్దరున్నారు!"