'షన్' ముందు దెబ్బ

పలాసలో ఒక మొబైల్ షాపు పైగదిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. రెండేళ్ల కిందట ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ షావుకారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"గల్ఫులో ఒకాయన సరుకు తీసుకుంటానంటన్నాడమ్మా. ఫోన్లో నా ఇంగ్లీసు ఆయనకి అర్దం అవ్వట్లేదు. మాటలన్నీ కరెట్టుగానే అంటన్నాను. మరేటి లోపం?"

మాట్లాడించి చూశాను. లోపం ఒత్తులో ఉంది. మనం మాటలోని అక్షరాలన్నిటికీ ఒకే మర్యాద చేస్తాం. ఇంగ్లీషులో ఒకదాన్ని గట్టిగా ఒత్తి, మిగతావాటిని తేలిగ్గా వదిలెయ్యాలి. దేన్ని ఒత్తాలో చాలాసార్లు మాట తోకే చెబుతుంది. చివర 'షన్' వస్తే దాని ముందున్నదాన్ని ఒత్తాలి; 'ఇటీ' వచ్చినా అంతే. ఎడ్యుకేషన్‌లో 'కే'. ఎకానమీలో 'కా' మీదున్న బరువు, తోక 'ఇక్' అయ్యేసరికి ఎకనామిక్‌లో 'నా' మీదికి జరుగుతుంది.

ఒత్తు తెలియడానికి పెన్సిలుతో బల్ల మీద మెల్లగా తట్టి చూపించాను. అదే నేను చేసిన తప్పు. ఆయన వయసులో ఉన్నప్పుడు జీడి బస్తాలు మోసిన మనిషి. పెన్సిలు పక్కన పెట్టి అరచేత్తో కొట్టారు. కింద మొబైల్ షాపతను పరుగెత్తుకొచ్చాడు.

మర్నాటి నుంచి పాఠం ఫ్యాక్టరీకి మారింది. అక్కడ పొడుగాటి బల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్లు పప్పు ఏరుతుంటారు. విరగని గుండు ఒక పళ్లెంలోకి, విడిపోయిన బద్ద ఇంకో పళ్లెంలోకి. షావుకారు ఆ బల్ల కొసనే కూర్చుని "ఎక్స్‌పోర్టేషన్" అన్నారు. 'టే' దగ్గర పడిన దెబ్బకి గుండూ బద్దా ఎగిరి కలిసిపోయాయి. ఏరినవాళ్లు మళ్లీ మొదటినుంచి ఏరారు.

నాలుగో రోజుకి వాళ్లే దారి కనిపెట్టారు. షావుకారు మాట మొదలుపెట్టగానే తోక ఊహించి, దెబ్బ పడే ముందు పళ్లేల మీద చేతులు అడ్డుపెట్టేవాళ్లు. ఆయన 'ఎలక్ట్రిసిటీ'లో 'ల' దగ్గర కొడితే, కవిటి నుంచి వచ్చే పెద్దావిడ పళ్లెం వదలకుండానే అంది:

"తప్పు కాడ కొట్టీసినారు బాబూ. 'ట్రి' కాడ కదేటి?"

షావుకారు నావైపు చూశారు. ఆవిడ చెప్పిందే సరైనదన్నాను. ఆ రోజు నా మీద ఆయనకి చాలా కోపం వచ్చింది.

వీడియో కాల్ రోజు బల్ల కొట్టొద్దని బతిమాలాను. సరేనని తొడ మీద కొట్టుకున్నారు. అవతలాయనకి కనిపించింది మాటమాటకీ నొప్పితో నవ్వే ముఖం. అయినా అంతా అర్థమవుతోంది. నాకు గర్వంగానే ఉంది. గింజ ఎక్కడిదని ఆయన అడిగాడు.

"కవిటి!" 'క' మీద చెళ్లుమని ఒత్తారు షావుకారు.

క్వాలిటీ, క్వాంటిటీల సరసన ఆ మాట ఎంత చక్కగా అమిరిందంటే, నేనే ఒక క్షణం అది ఇంగ్లీషు మాటే అనుకున్నాను. అవతలాయన శ్రద్ధగా రాసుకున్నాడు.

వారానికి ఆర్డరు వచ్చింది. సగం ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ, సగం ఎక్స్‌పోర్ట్ కవిటి.

అది ఊరి పేరని మెసేజ్ పెడదామన్నాను. షావుకారు ఒప్పుకోలేదు. "ఒద్దమ్మా. అంత నమ్మకంగా అడిగినోడికి కాదని సెప్పీడమేటి?" అని ఫోను జేబులో పెట్టుకున్నారు. కవిటి అంటే ఏ పప్పు వెయ్యాలో తేలక ఏరేవాళ్ల సలహా అడిగారు. "మా ఊరి గింజ కూసింత వంకరుంటాది, అదే ఏసీండి" అంది పెద్దావిడ. వంకర గింజలన్నీ విడిగా ఏరి డబ్బాలకెత్తారు. నెల తిరిగేసరికి గల్ఫు ఆయన క్వాలిటీ వద్దని, మొత్తం కవిటే పంపమన్నాడు.

ఆఖరి పాఠం రోజు గేటు దగ్గర పెద్దావిడ నన్ను ఆపింది.

"తోకున్న మాటల సంగతి మాకు తెలిసిపోనాదమ్మా. తోకలేని మాటలకే సస్తన్నాం. ఎక్కడ కొడతారో తెల్దు. వాటికేటి లెక్క?"

వాటికి అంత తేలికైన లెక్క లేదని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.