ఒంటి కనుబొమ్మ కారు, మా బావ

మా బావ పోయిన కబురు ఆఫీసుకి ఫోన్లో వచ్చింది. మార్గశిర మాసం, మధ్యాహ్నం భోజనాల వేళ. పోర్టు ఆఫీసులో ఫోను మా సూపరింటెండెంటు గారి బల్ల మీద ఉంటుంది. ఆయన విని, రిసీవరు నా చేతికిచ్చి తల వంచుకున్నారు. అవతల మా అక్క పక్కింటాయన. "మేస్త్రీ పోనాడు బాబూ, వేగిరం వచ్చీండి" అన్నాడు. గుండె జబ్బుతో మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉన్న మనిషి, అనుకోనిదేం కాదు. అయినా నాకు ముందు కన్నీళ్లు రాలేదు, ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా ఆయన నోటినుంచి ఒకే ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాను. 'తప్పైపోయింది' అన్న మాట. అది అనకుండానే చక్కా వెళ్లిపోయాడు.

బావ అంటే మా అక్క భర్త. మల్కాపురంలో టింకరు మేస్త్రీ, కార్లకీ లారీలకీ సొట్టలు తీసే పని. రేకుని చేత్తో నిమిరి, కళ్లు మూసుకుని, ఎక్కడ ఎంత లొత్త పడిందో చెప్పేవాడు. "సుత్తి దెబ్బ కనపడితే సుత్తిది తప్పు కాదు, సేతిది" అనేవాడు. సొట్ట తీయడం చేతగాక లప్పం పూసి పైన రంగు కొట్టేసేవాళ్లంటే ఆయనకి గిట్టదు. "లప్పమెట్టినోడు టింకరోడు కాదురా, గోడలకి సున్నమేసుకోమను" అని ఉమ్మేసేవాడు. పనిమంతుడు. కాదనను. కాని ఆ పనితనంతోనే నా కొంప ముంచాడు.

మా నాన్న రిఫైనరీలో ఒక అమెరికా ఇంజనీరు దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆయన పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఓడ మీద ఒక కారు తెప్పించుకుని, దేశం వెళ్లిపోతూ దాన్ని నాన్నకి వదిలేశాడు. లేతాకుపచ్చ కారు, స్టీరింగు ఎడమవైపు. అలాంటి రూపం ఈ ఊళ్లో ఇంకో బండికి లేదు. ఆ రూపం మా బావకి పడేది కాదు. ప్రతి ఆదివారం అన్నం తిని, బీడీ వెలిగించి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. ఎప్పుడూ వెనకనుంచే మొదలు, అక్కడ రెండు పక్కలా చిన్న రెక్కల్లా పైకి లేచిన రేకు దగ్గర.

"ఈ రెక్కలేటిరా? ఎడితే నిండుగా ఎట్టాల, నేదంటే మానీయాల. సగం ఎట్టీసి భయపడిపోనారా ఏటి?"

తర్వాత డిక్కీ. దాని మూత మీద స్పేరు చక్రం ఆకారంలో గుండ్రంగా ఒక అచ్చు ఉంటుంది. మూత తీస్తే లోపల చక్రం ఇంకెక్కడో పడి ఉంటుంది. "కడుపులో బిడ్డ ఓ పక్క, పొట్ట ఇంకో పక్క" అని వెక్కిరించేవాడు. ముందుకొచ్చేసరికి వాలిపోయిన ఆ నాలుగు దీపాలు చూసి, "అత్తోరింటికాడ అలిగిన కొత్తల్లుడి మొకం" అనేవాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ కారు అందంగా కనిపించేది కాదు. కాని మా నాన్న కారు. మనం వంకలు పెట్టుకోవచ్చు, పక్కవాడు పెడితే మంట.

అన్నిటికన్నా వింత బోనెట్టు. దాని మీద ఎడమవైపు, సరిగ్గా స్టీరింగుకి ఎదురుగా, వేలెడు ఎత్తున ఒక గట్టు. అద్దం దగ్గర మొదలై దీపం దాకా వెళ్లేది. కుడివైపు ఏమీ లేదు, చదును. ఈ గట్టు గురించి మాత్రం మా బావ ఎప్పుడూ నోరెత్తలేదు. అక్కడికి రాగానే బీడీ పారేసి ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాన్న పోయాక, సంవత్సరీకానికి ముందు, ఆఫీసువాళ్లు నన్ను ఆరు వారాల ట్రైనింగుకి హైదరాబాదు పంపారు. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు కారు మిలమిలా మెరుస్తోంది. పక్కన బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎలగుంది?" అన్నాడు.

"గట్టేది బావా?"

"తీసీసినాను. అంతా సదును సేసీసినాను."

ఆయన లెక్కలో అది గట్టు కాదు, దెబ్బ. మామగారు ఎక్కడో దేన్నో గుద్దేశాడు, బోనెట్టు మడతపడింది, పరువు పోతుందని చెప్పుకోలేకపోయాడు. ఆ మాట బోనెట్టు నిమురుతూ చెప్పాడు. "పదేళ్లు నా కళ్ల ముందే తిరిగిందిరా ఆ కారు. సొంతల్లుడు టింకరోడయ్యుండి, 'ఒరే, ఈ బోనెట్టు ఓపాలి సూడు' అని మావ ఒక్కనాడు అననేదు. నాను అడిగితే మావకి సిన్నతనం. అందుకే ఊరుకున్నాను. ఇప్పుడు మావ సంవత్సరీకానికి మంచి బండిలో ఎల్దారి."

పదేళ్లు! మామగారి పరువు కాపాడటానికి పదేళ్లు నోరు మూసుకున్న మనిషిని ఏం చేస్తాం? ఒక్కసారి అడిగుంటే నాన్న నవ్వి చెప్పేవాడు. ఎడమ స్టీరింగుతో మన ఇరుకు రోడ్ల మీద బండి కుడి అంచు ఎక్కడుందో తెలియదు. నాన్న ఆ గట్టు మీద చూపు పెట్టి, దాన్నిబట్టి అంచు లెక్కకట్టుకుని నడిపేవాడు. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే నేర్పాడు. నాన్న చూపు ఆనించుకున్న చోటుని ఈ మహానుభావుడు సుత్తి పెట్టి చదును చేసి, మెచ్చుకోమని నిలబడ్డాడు.

నేను కారు అరలోంచి కంపెనీ పుస్తకం తీసుకొచ్చి, మొదటి పేజీలో బొమ్మ చూపించాను. కొత్త కారు, ఎడమవైపు గట్టు. బావ దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి, తిరగేసి బోర్లేసి చాలాసేపు చూశాడు.

"ఏటిది, గుద్దీసిన బండిని బొమ్మేసినారా?" అన్నాడు.

"బావా, అది కావాలని పెట్టింది!"

"అయితే ఆళ్లదే తప్పు. ఓ పక్కెట్టి ఇంకో పక్క వదిలీడమేటి? మడిసికి ఒకటే కనుబొమ్మ ఉంటాదేటి?"

అంతే. తొమ్మిదేళ్లు అదే జవాబు. ఒకసారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని యారాడ కొండ ఎక్కుతుంటే, గట్టు లేక అంచు తెలియక కుడిపక్కంతా రాతికి గీరుకుపోయింది. "చూశావా?" అన్నాను. "సూసినాను. నీకు డ్రైవింగు రాదు" అన్నాడు. మర్నాడే ఆ గీత పోగొట్టి తెచ్చి ఇచ్చాడు, చెయ్యి పెట్టి నిమిరినా తెలియనంతగా. దాంతో తిట్టడానికి కూడా లేకుండా చేశాడు. అక్క దగ్గర మొత్తుకుంటే అక్క నవ్వింది. "ఆయన నోట ఆ మాట రాదురా తమ్ముడూ. నాతోనే అననేదు ఇన్నేళ్లలో. పప్పులో ఉప్పెక్కువైందంటే ఉప్పుదే తప్పంటాడు."

మల్కాపురంలో ఎవరు పాత కారు కొన్నా ముందు మా బావకి చూపించేవారు. చలికాలమైతే తెల్లవారుజామునే వెళ్లేవాడు. నన్నూ ఒకటి రెండుసార్లు లాక్కెళ్లాడు. బయట పెట్టిన బండి మీద మంచు చూపించి, "రేకు వేగిరం సల్లబడిపోద్ది, మంచు పడతాది. లప్పం సల్లబడదు. మంచు పట్టని సోట లప్పమున్నట్టే. అమ్మినోడు అబద్ధమాడినా మంచు ఆడదు" అనేవాడు. ఆ విద్య నాకు ఆయన నేర్పిందే. నేనెంత మొద్దునో చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

ఇంకో పిచ్చి ఉండేది ఆయనకి. వేసవిలో, వానాకాలంలో మా ఇంటి గుమ్మం తొక్కని మనిషి, చలి మొదలైతే చాలు, నేను లేవకముందే వచ్చి నా కారు బోనెట్టు తుడిచేవాడు. నేను వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చేసరికి గుడ్డ పిండుకుంటూ కనిపించేవాడు. "నా పని అద్దంలాగుంది సూడు" అనేవాడు. నన్ను ఉడికించడానికే పొద్దున్నే తయారవుతాడని పళ్లు నూరుకునేవాణ్ని. తొమ్మిది చలికాలాలు ఇదే వరస. చలికాలంలోనే ఎందుకొస్తాడని ఒక్కనాడూ అడగలేదు. ఆయన పదేళ్లు అడగని మనిషి, నేను తొమ్మిదేళ్లు అడగని మనిషిని. ఒకరికొకరం బాగానే దొరికాం.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడైనా అంటాడేమో అని వంగాను. "కారు బయటెట్టీకు. నా సెడ్డులోకి తోసీ" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ పూట కూడా కారు గొడవేనా బావా?" అనేసి, వచ్చేశాను. కారు బయటే ఉండిపోయింది. ఆయనతో నేనన్న చివరి మాట అది.

దహనం అయిన మర్నాడు తెల్లవారకముందే లేచాను, అక్క అత్తవారి తరపు వాళ్లు రైలు దిగుతారు, తీసుకురావాలి. గుడ్డ పట్టుకుని కారు దగ్గరికొచ్చాను. బోనెట్టంతా తెల్లగా మంచు పట్టి ఉంది. ఎడమవైపు, స్టీరింగుకి ఎదురుగా, అద్దం దగ్గర్నుంచి దీపం దాకా, ఒక్క చార మాత్రం పొడిగా, ఆకుపచ్చగా ఉంది. మంచు పట్టలేదు.

లప్పం. అమెరికావాడు కావాలని రేకులో అచ్చొత్తిన గట్టు, ఎంత కొట్టినా పూర్తిగా లొంగి ఉండదు, మిగిలిన ఎగుడుదిగుడుని లప్పంతో నింపేశాడు. లొంగనిది దెబ్బ కాదని ఆ చేతికి అప్పుడే, పుస్తకం చూడకముందే తెలిసి ఉంటుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. జన్మలో ముట్టనన్న లప్పం నాకోసం ముట్టుకున్నాడు. ఆ సంగతి మంచు నాకు చెప్పేస్తుందని ప్రతి చలికాలం చీకటితోనే లేచి వచ్చి తుడిచాడు. అక్కడే నిలబడి ఏడ్చాను. "ఒక్క మాట అనేస్తే పోయేది కదా బావా" అని పైకే అన్నాను.

ముందు అద్దం మాత్రం తుడుచుకుని, బోనెట్టు అలాగే వదిలేశాను. స్టీరింగు ముందు కూర్చుంటే ఆ చార సరిగ్గా కళ్లకెదురుగా ఉంది. ఇంజను వేడికి మంచు కరిగేదాకా, నాన్న నేర్పినట్టే, దాని మీద చూపు పెట్టి నడిపాను. గుడ్డ మాత్రం పక్క సీట్లో, ఆయన కూర్చునే చోట పెట్టాను.