గోడవైపు తిప్పిన ముద్దు

బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టే తోమాసు, నలుగురు తన వంక అదోలా చూస్తే మాత్రం తట్టుకోలేడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య సంపూర్ణకు చీరలు తెచ్చాడు, కుక్కరు తెచ్చాడు. ప్రేమగా ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి ఈసారి పెళ్లిరోజుకు కొత్తగూడెం ఎగ్జిబిషన్‌లో ఒక పటం కొని చంకలో పెట్టుకొచ్చాడు. క్లిమ్ట్ అనే విదేశీ చిత్రకారుడు గీసిన ‘ముద్దు’ బొమ్మ అది.

డిగ్రీ చదివే కూతురు స్తుతి నవ్వు ఆపుకోలేకపోయింది.

“చూడు డాడీ, ఆయన బట్టలకు నలుపు తెలుపు డబ్బాలు, ఆమె బట్టలకు రంగురంగుల గుండ్రాలు. ఇద్దరు వేరే వేరే, కానీ కప్పిన బంగారం ఒక్కటే. ఆమె గట్టు అంచుకు మోకాళ్ల మీదున్నది, కాలివేళ్లతోని అంచు పట్టుకున్నది. పడితే ఏడ పడ్తదో! అయినా కండ్లు మూసుకున్నది. ఆయన మీద గంత నమ్మకం.”

గోడకు మేకు సంపూర్ణే కొట్టి పటం తగిలించింది.

శుక్రవారం చర్చివాళ్ల ఇంటింటి ప్రార్థన కూడిక వీళ్ల వంతు. చాపలు పరుస్తుంటే తోమాసు కళ్లు పటం మీద పడ్డాయి. గబుక్కున దాన్ని గోడవైపు తిప్పేశాడు. వెనక్కి తిప్పిన పటం ఎవరికైనా ఇట్టే కనబడుతుందని ఆ బుర్రకు తోచలేదు. సంఘ పెద్ద అది బైబిలు వాక్యం రాసిన పటమేమో అనుకుని తిప్పి చూశాడు. పాట మధ్యలో ఆగిపోయింది.

“ఏంది తోమాసన్నా, గిదేం బొమ్మ?”

“నాకేమెరుక? మా ఇంటామె తెచ్చి పెట్టింది.”

నోట్లోంచి ఊడిపడ్డాక ఇక వెనక్కి రాదు కదా! సంఘ పెద్ద వెంటనే సంపూర్ణను మోకరించమన్నాడు. తల మీద చెయ్యి పెట్టి, ఈ చెల్లెలి తప్పు మన్నించమని గొంతెత్తి ప్రార్థించాడు. ఆమె మోకరించి కళ్లు మూసుకుంది. వెనక నిలబడ్డ తోమాసుకు చాప అంచును గట్టిగా పట్టుకున్న ఆమె కాలివేళ్లు కనిపించాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు తెరిచి నిజం చెప్పాడా అంటే, లేదు.

అందరూ వెళ్లాక పటాన్ని మళ్లీ సరిగ్గా తగిలించాడు.

“తప్పయింది సంపూర్ణా. వచ్చే కూడికల అందరి ముందట చెప్త, నేనే తెచ్చిన అని.”

సంపూర్ణ టీ గ్లాసులు ఏరుతూ బొమ్మ వంక చూసింది.

“స్తుతి ఒకటి చెప్పలే. ఆయన మొకం చూడు, కనబడతనే లేదు. అందరు చూసేది ఆమె మొకమే.”

తోమాసు తల దించుకున్నాడు.

“నాకు అది గూడ బాధ లేదయ్యా. ప్రార్థన అయినంక అందరికన్న గట్టిగ ఆమెన్ అన్నది నువ్వే.”