వైసన్ చేతి అగ్గిపెట్టె

మలావీ సరస్సు మీద ఎండ పసుపు పూసే వేళ చేపల శాఖ జవాను వైసన్ రేవులోకి వస్తాడు. బూట్లు చేత పట్టుకుని, నీళ్లకు నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా నడుస్తాడు. పర్మిట్ లేని వలను తను తగలబెట్టడు. వలగలవాళ్ల చేతే అంటింపిస్తాడు. ఇవాళ న్యాఫిరి వంతు.

"పర్మిట్ ఉందయ్యా, మా ఆయన పేర."

"అయితే ఆయన్నే పిలువక్కా."

"మొన్నేగా పూడ్చాం! నువ్వూ భుజం పట్టావు."

"పట్టాను. చచ్చినోడికి వలెందుకే?" నవ్వుతూ అగ్గిపెట్టె అందించాడు.

ఆమె గీసిన పుల్ల ఆరిపోయింది. రెండో పుల్లకు వైసన్ అరచేతులు అడ్డుపెట్టి గాలి కాచాడు. వల కాలింది, అందులో చిక్కిన చేపలు వేగాయి. ఒకదాన్ని తీసి ఊదుకుంటూ, "ఉప్పుందా, అక్కా?" అన్నాడు.

పిల్లల గంజికని దాచిన ఉప్పు. న్యాఫిరి కొంగు ముడి విప్పింది.